పన్నెండు అక్షరాల వైకుంఠం

కొర్రాయి మంగవేణి అనే అమ్మాయి పేరుకు ముందు ‘హ్మణ్యం’ అనే తోక చేరడానికి కారకుణ్ని నేనే. ఈ సంగతి మా కార్యాలయంలో చాలాకాలం ఎవరికీ తెలియదు. దానికి మూలమైన తప్పు నాకు మాత్రం పాతికేళ్లుగా తెలుసు. తెలిసి ఏం చేశావని అడిగితే, తెలియనట్టు ఉన్నాను. అదీ ఒక పనే. పాతికేళ్లు చేసినవాడికి అందులోని శ్రమ తెలుస్తుంది.

నా పేరు ముద్దాడ వైకుంఠరావు. జనన మరణ వివరాల సంస్థలో సీనియర్ ప్రోగ్రామర్ని. నాకంటే జూనియర్ ఎవరూ లేరు కాబట్టి ఈ సీనియర్ అన్న మాటకు పెద్ద అర్థం లేదు. ముప్పై ఏళ్ల కిందట, మా సంస్థకు మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, పుట్టినవాళ్ల పేర్లూ పోయినవాళ్ల పేర్లూ చూపించి సర్టిఫికెట్ ముద్రించే ప్రోగ్రాం నేనే రాశాను. దానికి నా పేరే పెట్టుకున్నాను: వైకుంఠం. దీనివల్ల కౌంటర్ దగ్గర కొంత ఇబ్బంది వచ్చేది. “మీ పాప ఇంకా వైకుంఠంలోకి ఎక్కలేదమ్మా, వచ్చే వారం రండి” అని మా గుమాస్తా మామూలుగా అంటే, బాలింతలు బావురుమనేవారు. అయినా పేరు మార్చలేదు. నాకు అదొక్కటే కీర్తి.

వైకుంఠంలో ఒక్కో మనిషి పేరుకు పన్నెండు అక్షరాల జాగా ఇచ్చాను. పన్నెండే ఎందుకంటే, ఇంటిపేరుతో కలిపి నా పేరు ఎనిమిది అక్షరాలు. నాకంటే నాలుగు ఎక్కువ ఇస్తే లోకానికి చాలుననుకున్నాను. పదమూడో అక్షరం వస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. ఏమవుతుందంటే, మిగిలిన అక్షరాలు జరుక్కుంటూ వెళ్లి, వరుసలో తర్వాత ఉన్న మనిషి పేరు ముందు కూర్చుంటాయి. బెహరా సత్యసూర్య వేంకట సుబ్రహ్మణ్యం అనే పిల్లవాడు పుట్టిన రోజే, అదే ఆసుపత్రిలో, తర్వాతి మంచం మీద మంగవేణి పుట్టింది. పిల్లవాడి పేరు ‘సుబ్ర’ దగ్గర ఆగిపోయింది. ‘హ్మణ్యం’ వెళ్లి మంగవేణి దగ్గర చేరింది.

ఈ తప్పు నేను ప్రోగ్రాం రాసిన అయిదో ఏటే, మంగవేణి పుట్టకముందే కనిపెట్టాను. సరిగ్గా ఆ వారంలోనే నాకు ఉత్తమ ఉద్యోగి అని శాలువా కప్పారు. శాలువా కప్పుకుని ఉన్న మనిషి లేచి, ఈ ప్రోగ్రాం తప్పండీ అని ఎలా అంటాడు? సోమవారం సరిచేద్దామనుకున్నాను. సోమవారాలు చాలా వచ్చాయి.

తర్వాత తుపాను వచ్చింది. ప్రోగ్రాం రెండు రూపాల్లో ఉంటుంది: మనిషి చదవగలిగేది ఒకటి, యంత్రం మాత్రమే చదువుకునేది ఒకటి. మొదటిది ఫ్లాపీల మీద ఉండేది. స్టోర్ రూములో మోకాలి లోతు నీళ్లు నిలిచి అవన్నీ పాడైపోయాయి. అందరూ నన్ను పరామర్శించారు. నేను మొహం వేలాడేసుకుని, లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకున్నాను. నా తప్పును ఎవరైనా చదవగలిగే ప్రతి ఇక లోకంలో లేదు.

ఇక ఈ ఏడాది సంగతి.

మంగవేణి తల్లి తవిటమ్మ ఫిబ్రవరిలో మా కౌంటర్‌కి వచ్చింది. పలాస దగ్గర జీడిపప్పు బట్టీలో పనిచేస్తుంది. వేళ్ల చివరలు జీడి సొనకు నల్లబడి ఉన్నాయి. సర్టిఫికెట్‌ను ఆ వేళ్లు తగలకుండా అంచులు పట్టుకుని నా ముందు పెట్టింది.

“బాబూ, మా పాప పేరుకి ముందర ఇదేటి రాసినారు? నాకు సదువు రాదు. పాపే సదివి ఏడిసింది.”

“ఏ పనికమ్మా?”

“పెద్దాసుపత్రిలో నర్సు ఉద్దోగం వచ్చీసింది. ఏప్రిల్ నెలాకరికి చేరిపోవాల. పుట్టిన కాయితంలో పేరు వేరేగుంది, ఇలగైతే కుదరదు అన్నారు. ఇరవై రెండేళ్లు వచ్చినాయి పాపకి, ఎవులూ దాన్ని ఇలగ పిలవనేదు.”

ఇన్నాళ్లూ పుట్టిన సర్టిఫికెట్ ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు. బడి కాగితంతో పని జరిగిపోయేది. ఇప్పుడు అన్నిటికీ అడుగుతున్నారు. “సిస్టంలో సమస్య ఉందమ్మా, కొత్త కంప్యూటరు వస్తోంది, అందులో సరైపోతుంది. పది రోజులాగి రా” అన్నాను. అబద్ధం కాదు. నిజంగానే కొత్త కంప్యూటరు వస్తోంది. సమస్య సిస్టంలో కాక నాలో ఉందని చెప్పలేదు, అంతే.

పాత యంత్రం అప్పటికి మూలుగుతోంది. మా డైరెక్టర్ ఉమాపతి గారు కొత్తది తెప్పిస్తూ ఒక ఉత్తర్వు ఇచ్చారు. కొత్త యంత్రం మీద పాత ప్రోగ్రాం ఉన్నది ఉన్నట్టు నడవాలి, ఫలితంలో అక్షరం తేడా రాకూడదు. దీనికి ఆయన ‘సంపూర్ణ పూర్వానుగుణ్యత’ అని పేరు పెట్టారు. ఉత్తర్వు ముసాయిదా రాసింది నేనే. ‘సంపూర్ణ’ అన్న మాట ఆయన తర్వాత చేర్చారు.

కొత్త యంత్రంలో వైకుంఠాన్ని ఎక్కించాం. నడిచింది. మొదటి పొడవాటి పేరు దగ్గరికి రాగానే ఆగిపోయింది. మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే ఆగింది. యంత్రం అమ్మిన కంపెనీకి రాస్తే వాళ్ల దగ్గర్నుంచి ఒక వాక్యం జవాబు వచ్చింది: మీ ప్రోగ్రాంను మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్ అనుమతించడం లేదు.

అది యంత్రం లోపలి పరికరం. విందులో వడ్డనలు చూసుకునే పెద్దమనిషిలాంటిది. ఎవరి విస్తరిలోంచి వాళ్లు తినాలి, పక్కవాడి విస్తరిలో చెయ్యి పెడితే లేపి బయటికి పంపిస్తుంది. పాత యంత్రంలో ఆ పెద్దమనిషి లేడు. నా వైకుంఠం ముప్పై ఏళ్లుగా పక్క విస్తర్లలో చెయ్యి పెడుతూనే ఉంది.

ఈ ముక్క నేను ఆ జవాబు మీద డైరెక్టర్ గారు పెట్టిన సమావేశంలో చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. చెబితే, ప్రోగ్రాం పక్క విస్తరిలో చెయ్యి ఎందుకు పెడుతోందని అడుగుతారు. అందుకని ఉత్తరం చదివి ఊరుకున్నాను.

ఉమాపతి గారు కళ్లజోడు సర్దుకున్నారు. “ఈ యూనిట్ ఏ శాఖ అధీనంలో పనిచేస్తోంది?”

నేను ఉత్తరం మడిచి ఫైల్లో పెట్టాను.

“అధికారి ఎవరైనా కానివ్వండి. ప్రభుత్వ కార్యక్రమానికి అనుమతి నిరాకరించే అధికారం సదరు యూనిట్‌కు ఎవరిచ్చారు? సంజాయిషీ కోరండి.”

మర్నాడు మెమో తయారైంది. ‘సదరు యూనిట్ వారు సంస్థ కార్యక్రమమును అకారణముగా అడ్డగించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా లిఖితపూర్వక సంజాయిషీ సమర్పించవలెను. లేనియెడల చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి తగు చర్య గైకొనబడును.’ చిరునామా దొరక్క మా గుమాస్తా నన్ను అడిగాడు. యంత్రంలోనే ఉంటుందని నిజం చెప్పాను. పుచ్చుకోవడానికి మనిషి లేనప్పుడు నోటీసు తలుపుకు అతికించాలని నిబంధన ఉంది కాబట్టి, జిగురు రాసి యంత్రం పెట్టెకు అతికించాడు. అక్కడ గాలి పోయే కన్నాలున్నాయి. మధ్యాహ్నానికి యంత్రం వేడెక్కి ఆరిపోయింది.

“మెమో అందిన వెంటనే విధులు బహిష్కరించారన్నమాట” అన్నారు ఉమాపతి గారు.

ఏడు రోజులైనా సంజాయిషీ రాలేదు. యూనిట్‌కు బాధ్యుడైన అధికారి లేకపోవడమే ఇందుకు కారణమని తేల్చి, నన్ను దానికి ఇన్‌చార్జిగా నియమించారు. గుండ్రటి సీలు కూడా చేయించారు: ‘అధికారి, స్మృతి నిర్వహణ విభాగం’. మొదటి పనిగా నా విభాగానికి వచ్చిన మెమోకు నేనే జవాబు రాశాను: విషయం పరిశీలనలో ఉన్నది.

ఈలోగా తవిటమ్మ రెండోసారి వచ్చింది. కొత్త కంప్యూటరు వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. మరి పేరు సరైపోయిందా అంది. దానికి కొంచెం ఒంట్లో బాగాలేదన్నాను. “దానిక్కూడానా బాబూ” అని జాలిగా చూసి, కాసేపు బెంచీ మీద కూర్చుని వెళ్లింది.

కంపెనీవాళ్లు చివరికి ఒక ఇంజనీరును పంపారు. నౌషీన్ అనే అమ్మాయి, పాతికేళ్లుంటాయి. ఉదయం వచ్చి, యంత్రానికి అతికించిన మెమోను తడిగుడ్డతో ఊడదీసి, మడిచి నా చేతికిచ్చి పనిలో కూర్చుంది. భోజనాల వేళకు నా దగ్గరికి కుర్చీ లాక్కుంది.

“సర్, ఈ ప్రోగ్రాం ఎవరు రాశారు?”

“చాలా పాతదమ్మా” అన్నాను.

“పేరు పన్నెండు అక్షరాలు దాటితే పక్క రికార్డులో రాసేస్తోంది. కొత్త మెషీన్ పట్టుకుని ఆపుతోంది. మెషీన్ కరెక్టే సర్. మనుషులు చదివే కోడ్ లేదు గనక పాతదాన్ని ముట్టుకోవద్దు. అదే పని చేసే చిన్న ప్రోగ్రాం నేను రాసిస్తా. ఎవరి పేరుకి ఎంత చోటు కావాలంటే అంత.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“సాయంత్రానికి అయిపోతుంది.”

అయింది. నాలుగున్నరకి మంగవేణి పేరు కొట్టి చూశాను. కొర్రాయి మంగవేణి అని శుభ్రంగా వచ్చింది. మా పాత కాగితపు రిజిస్టర్లలో ఎలా ఉందో అలాగే. ముప్పై ఏళ్లలో నేను చెయ్యలేని పని ఆ అమ్మాయి మధ్యలో టీ తాగి కూడా చేసేసింది. నాకు సంతోషమూ వేసింది, కొంచెం జ్వరం వచ్చినట్టూ అయింది.

మర్నాడు, ఉమాపతి గారి అధ్యక్షతన వేసిన కమిటీ ముందు పరీక్ష. ఉత్తర్వు ప్రకారం పాత యంత్రం ఇచ్చిన ఫలితాలనూ కొత్త యంత్రం ఇచ్చిన ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆరు వేల రెండు వందల పద్నాలుగు పేర్లలో తేడా వచ్చింది.

“కొత్త యంత్రం విఫలమైనది” అన్నారు ఉమాపతి గారు.

“సర్, కొత్త మెషీన్‌లో పేర్లు కరెక్ట్‌గా వచ్చాయి” అంది నౌషీన్. “పాతదాంట్లోనే తప్పు. రిజిస్టర్ తెరిచి చూడండి.”

“అమ్మా, పరీక్ష కొత్తదానికి. పాతది ప్రమాణం. ప్రమాణాన్ని పరీక్షించే నిబంధన లేదు.” ఆయన నా వైపు తిరిగారు. “వైకుంఠరావు గారూ, ఈ ముందు అక్షరాల ఉద్దేశం ఏమిటి? రచయిత మీరే కదా.”

నౌషీన్ చప్పున నా వైపు చూసింది. రచయితనని ఆ అమ్మాయికి అప్పుడే తెలిసింది. ఆ చూపులో కోపమైనా ఉంటే తట్టుకునేవాణ్ని. వట్టి ఆశ్చర్యమే ఉంది. ఒక్క మాట చాలు: తప్పు జరిగిందండీ. నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చింది ఇది:

“అది వరుస ముద్రండీ. ఒకరి తర్వాత ఒకరు పుట్టారని తెలిపే భద్రతా ఏర్పాటు. నకిలీలు చేసేవాళ్లకి అంతుపట్టకుండా.”

ఉమాపతి గారు లేచి నాకు కరచాలనం చేశారు. ముప్పై ఏళ్ల కిందటే ఇంత ముందుచూపా అన్నారు.

ఆ తర్వాత పరిణామాలు నా చేతిలో లేవు. తోక ఉన్న పేర్లకు భద్రత ఉంది కాబట్టి, తోక లేనివాళ్లకు భద్రత లేనట్టేనని కమిటీ గుర్తించింది. లక్షల మంది అసురక్షితంగా ఉన్నారని ఆందోళన వ్యక్తమైంది. తోక లేనివారు దరఖాస్తు పెట్టుకుంటే కేటాయించాలని తీర్మానించారు. ఆదర్శంగా ఉండాలని ఉమాపతి గారే మొదటి దరఖాస్తు పెట్టారు. ఆయన ముందు పుట్టిన ఎవరో పెద్దావిడ తోక ఆయనకు వచ్చింది. మర్నాటినుంచి ఆయన గది తలుపు మీద ‘శ్రీ లమ్మ ఉమాపతి, డైరెక్టర్’ అనే బోర్డు ఉంది. ఎవరూ నవ్వలేదు. నేను అసలే నవ్వలేదు.

నౌషీన్‌కు ఇచ్చిన పని ఏమిటంటే, తప్పును యథాతథంగా తిరిగి తీసుకురావడం. సరిచెయ్యడానికి ఒక పూట పట్టింది గానీ, చెడగొట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆ వడ్డన పెద్దమనిషి ఒప్పుకోడు కదా. అందుకని కొత్త యంత్రం లోపల, పాత యంత్రంలాగే నటించే ఇంకో యంత్రాన్ని కట్టింది. అందులో పెద్దమనిషి లేడు. వైకుంఠం పాతరోజుల్లోలాగే స్వేచ్ఛగా చేతులు చాపుకుంది. ఆఖరి రోజు బ్యాగు సర్దుకుంటూ నాతో అంది:

“నేను సర్వీసులో చేరి రెండేళ్లయింది సర్. తప్పులు చాలా చేశాను. చెప్పిన రోజు తిడతారు, అంతే. మర్నాటికి మర్చిపోతారు.”

నేను దారిలో తినడానికి అరటిపళ్లు ఇచ్చాను. తీసుకుంది.

ఏప్రిల్ నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా తవిటమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి కూతుర్ని తీసుకొచ్చింది. మంగవేణి సన్నగా, పొడుగ్గా ఉంది. ఆ అమ్మాయి నన్ను ఏమీ బతిమాలలేదు.

“సార్, ఎల్లుండి సాయంత్రం అయిదు దాటితే నా పోస్టు వెయిటింగ్ లిస్టులో తర్వాతున్న అమ్మాయికి ఇచ్చేస్తారు. ఆ అమ్మాయి నా రూమ్మేటే. దానికొస్తే నాకేం బాధ లేదు. కానీ మా అమ్మ వేళ్లు చూడండి. ఇంక ఆ పని చెయ్యకూడదని డాక్టరు చెప్పీసారు. అసలు ఈ తప్పు ఎవరు చేసారు సార్? వాళ్ల దగ్గరికే ఎల్తాం.”

తవిటమ్మ చేతులు కొంగులో దాచుకుంది. “ఊరుకోయే, బాబు చూస్తన్నారు గదా.”

“నేనేనమ్మా” అన్నాను.

వాళ్లకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. పన్నెండు అక్షరాల సంగతి, శాలువా సంగతి, తుపాను సంగతి. తవిటమ్మ “మరి సెప్పీవలసింది గదా బాబూ” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటికప్పుడు కమిటీని కలిశాను. నిలబడి చెప్పాను: అది వరుస ముద్ర కాదు, భద్రత కాదు, నా తప్పు.

ఉమాపతి గారు ఫైలు తిరగేశారు. “గత నెల పద్నాలుగో తేదీ మీ వాంగ్మూలం ప్రకారం ఇది భద్రతా ముద్ర. నేటి వాంగ్మూలం ప్రకారం లోపం. ఈ రెండింటికీ పొంతన లేదు.”

“ఉండదండీ. అప్పుడు అబద్ధం చెప్పాను.”

“పూర్వపు వాంగ్మూలమే ప్రమాణం. పూర్వానుగుణ్యత లేని వాంగ్మూలాన్ని స్వీకరించే అధికారం ఈ కమిటీకి లేదు.” తర్వాత గొంతు తగ్గించి, దయగా అన్నారు: “మీరు అలసిపోయారు. ఇంతటి ఆవిష్కరణ చేసినవారికి ఈ వినయం సహజమే.”

తిరిగి వచ్చి రికార్డు గది తెరిచాను. మంగవేణి పుట్టిన ఏటి రిజిస్టరు దించి, పేజీ తీశాను. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, పేరు హాయిగా ఉంది. తవిటమ్మ తెచ్చిన సర్టిఫికెట్ మీద, ముద్రించిన పేరును ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాశాను: ‘రిజిస్టరు ప్రకారం పేరు కొర్రాయి మంగవేణి. పైన అచ్చయిన హ్మణ్యం నా ప్రోగ్రాం చేసిన తప్పు. – ముద్దాడ వైకుంఠరావు.’ కింద స్మృతి నిర్వహణ విభాగం సీలు వేశాను. నాకు ఆ కాగితం మీద రాసే అధికారం లేదు.

ఆసుపత్రి గుమాస్తా రాసింది చదవలేదట. గుండ్రటి సీలు చూసి, మంగవేణిని చేర్చుకున్నాడు.

వారం తిరక్కుండా నాకు అభియోగ పత్రం వచ్చింది. ‘తన పరిధిలో లేని స్థలమున అనధికారికముగా లిఖించినందుకు’ అని ఉంది. నా ప్రోగ్రాం మీద ఎవరైనా అభియోగం మోపినా సరిగ్గా ఇదే వాక్యం రాయాలి. విచారణలో నేరం ఒప్పుకున్నాను. చిక్కు ఎక్కడొచ్చిందంటే, నేను దిద్దిన సర్టిఫికెట్‌ను రద్దు చెయ్యాలంటే వైకుంఠంలో రద్దు చేసే సదుపాయం లేదు. నేనే పెట్టలేదు. రద్దు చెయ్యలేని చర్యను క్రమబద్ధం చెయ్యడమే మార్గమని కమిటీ భావించింది. ఒకరికి చేసి మిగతావారికి చెయ్యకపోవడం వివక్ష అవుతుంది కాబట్టి, తక్కిన ఆరు వేల రెండు వందల పదమూడు మందికీ అదే దస్తూరీతో, అదే వాక్యం, అదే అధికారి స్వయంగా రాసివ్వాలని నన్ను శిక్షించారు. కంప్యూటరు ముట్టుకోకూడదన్నారు. కౌంటర్ పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ ఇచ్చారు.

జూన్‌లో మొదలుపెట్టాను. రోజుకు పాతిక, ముప్పై. ‘నా ప్రోగ్రాం చేసిన తప్పు’ అని ఆరు వేల సార్లు రాయాలంటే మొదటి వారం మింగుడుపడలేదు. ప్రతి ఒక్కరూ ఆ వాక్యం నా ముందే పైకి చదివేవారు. ఒకాయన పెళ్లాన్ని పిలిచి చూపించాడు, ఇదిగో ఈయనే అని. రెండో నెలకు, చదివి నాతోపాటు నవ్వేవాళ్లు దొరికారు. బెహరా సత్యసూర్య వేంకట సుబ్రహ్మణ్యం కూడా వచ్చాడు. అతను ఇప్పుడు లారీ బుకింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఇరవై రెండేళ్లుగా తనను అందరూ సుబ్ర అనే పిలుస్తున్నారని, తనకేమీ ఇబ్బంది లేదని, అలాగే ఉంచెయ్యమని చెప్పి వెళ్లాడు.

మొన్న మంగళవారం ఒక పెద్దాయన ముందురోజు తీసుకెళ్లిన సర్టిఫికెట్ వెనక్కి తెచ్చాడు. ఆయన పేరు వీరన్న. నేను తొందరలో ‘వీ’కి దీర్ఘం తగ్గించి ‘విరన్న’ అని రాశాను. కళ్లజోడు పైకెత్తి, వేలితో చూపిస్తూ ఆయన మొహమాటంగా అడిగాడు.

“ఇది మెషీన్ తప్పాండి?”

“కాదండీ, నాదే” అన్నాను. “ఇలా ఇవ్వండి.”

కొట్టేసి, రాసి, సీలు వేసి ఇచ్చాను. ఆయన చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అంతా రెండు నిమిషాలు పట్టింది.